పదిహేను కిలోఓమ్‌ల నుంచి ముప్పైకి: ఒక ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకు మెమరీ మార్చిన కథ

ల్యాప్‌టాప్ తెచ్చినాయన ఆర్కిటెక్టు. యంత్రం 2012 నాటిది. పేరుకే ఒళ్లో పెట్టుకునేది, బరువు చూస్తే బల్ల దిగేది కాదు. "మామూలు పనులకు ఏ ఇబ్బందీ లేదండీ. ఇంటి మోడల్ తెరిచి అటూ ఇటూ తిప్పితే చాలు, గోడల నిండా రంగుల గళ్లు వస్తున్నాయి. రెండు నిమిషాల్లో ప్రోగ్రామే మూసుకుపోతోంది" అన్నారు.

ఆ ఒక్క మాటతో సగం రోగం తెలిసిపోయింది. ఇలాంటి యంత్రాల్లో తెరకు వెళ్లే తీగ ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ నుంచి వెళ్తుంది. ఎన్‌విడియా కార్డు వెనక నిలబడి, బరువైన పని వచ్చినప్పుడు మాత్రమే బొమ్మ గీసి ముందుకు అందిస్తుంది. తెర గానీ దాని తీగ గానీ పాడైతే గళ్లు ఎప్పుడూ కనిపించాలి. మోడల్ తిప్పినప్పుడే వస్తున్నాయంటే కార్డునే అనుమానించాలి, కార్డులోనూ ముందుగా మెమరీని.

కార్డు జీటీఎక్స్ 680ఎం. జీకే104 అనే కెప్లర్ తరం చిప్, 1344 కోర్లు, 100 వాట్లు. ఎంఎక్స్‌ఎం 3.0 బి పలక కాబట్టి మదర్‌బోర్డు నుంచి ఊడదీసి చేతిలోకి తీసుకోవచ్చు. మెమరీ 2 జీబీ జీడీడీఆర్5, వెడల్పు 256 బిట్లు. ఒక్కో జీడీడీఆర్5 చిప్ 32 బిట్ల వెడల్పు గనుక ఎనిమిది చిప్‌లు, ఒక్కోటి 2 గిగాబిట్లు, అంటే 256 ఎంబీ. ఈ లెక్క ముందుగా వేసుకోవడం మంచిది. కొత్తగా పెట్టబోయే చిప్ ఏ సైజుదై ఉండాలో ఇదే చెబుతుంది.

పరీక్షకు మ్యాట్స్ వాడాను. ఎన్‌విడియా తన లోపలి అవసరానికి రాసుకున్న పనిముట్టు అది. బయటి రిపేరు బల్లల మీదికి ఏ దారిన వచ్చిందో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, దాని గురించి ఇక్కడ వద్దు. డ్రైవర్ అవసరం లేకుండా మెమరీలో గుర్తులు రాసి, తిరిగి చదివి, ఏ విభాగంలో ఏ బిట్ తప్పిందో చూపిస్తుంది. జీకే104లో 64 బిట్ల విభాగాలు నాలుగు. తప్పులన్నీ ఒకే విభాగంలో, అందులోనూ ఒక సగంలోనే వచ్చాయి. అంటే ఒకే చిప్. దాన్ని వేడి గాలితో కాస్త కదిలించి చూశాను, ఫ్లక్స్ వేసి మళ్లీ కూర్చోబెట్టాను. తప్పులు అవే బిట్లలో ఉండిపోయాయి. టంకం తప్పు కాదు, చిప్పే పోయింది.

అలాంటి చిప్ నా దగ్గర లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో తిరిగితే పాడైన డెస్క్‌టాప్ కార్డులు రెండు దొరికాయి. ఒక్కోటి 1 జీబీ, 128 బిట్, నాలుగేసి చిప్‌లు. అన్నీ శాంసంగ్ కే4జీ20325ఎఫ్‌డీ, వెనక ఎఫ్‌సీ04 అని ఉంది. 2 గిగాబిట్ల చిప్, సెకనుకు 5 గిగాబిట్ల వేగానికి తయారైనది. 680ఎంలో మెమరీ నడిచేది 3.6 దగ్గరే. వేగానికి లోటు లేదు, సైజు సరిపోయింది, కింద 170 టంకపు బంతుల అమరికా ఒకటే. కంపెనీ ఒక్కటే వేరు.

ఒక్క చిప్ మాత్రమే మార్చి, మిగతా ఏడు పాత కంపెనీవే ఉంచితే సరిపోదా అని అడగవచ్చు. అలా చేసినవాళ్లున్నారు, నడిచిన సందర్భాలూ ఉన్నాయి. కానీ కార్డు ఎనిమిది చిప్‌లకూ ఒకే కొలతల పట్టిక వాడుతుంది. ఏడుగురికి కుట్టిన కొలతతో ఎనిమిదో మనిషికీ చొక్కా కుట్టినట్టే. చలికాలంలో నడిచి మే నెలలో తిరిగొచ్చే రిపేరు నాకు ఇష్టం లేదు. ఎనిమిదీ మార్చాలనే నిర్ణయించాను. కార్డును రాత్రంతా 100 డిగ్రీల దగ్గర ఉంచి తేమ తీసేశాను. చిప్‌లు దించి, పాత సీసంలేని టంకం తుడిచి, సీసం ఉన్న బంతులు వేసి కూర్చోబెట్టాను. సీసం ఉన్నది 183 డిగ్రీలకు కరుగుతుంది, లేనిది 217 దాకా పోవాలి. పాతబడిన పలక మీద ఆ తేడా చిన్నది కాదు.

ఇక్కడ నా మొదటి తప్పు. మ్యాట్స్ నడిపాను, ఒక్క తప్పూ రాలేదు. ఆర్కిటెక్టుకు ఫోను చేసి "రేపు తీసుకెళ్లండి" అన్నాను. ఆ సాయంత్రం విండోస్‌లో బరువైన దృశ్యం ఒకటి నడిపితే పది సెకన్లలో యంత్రం బిగుసుకుపోయింది.

కారణం తర్వాత తట్టింది. మ్యాట్స్ పరీక్షించేది యంత్రం లేవగానే కార్డు ఉన్న వేగంలో, అది బాగా తక్కువ. ఆ నడకలో కొలతలు తప్పైనా చిప్ సర్దుకుపోతుంది. డ్రైవర్ వచ్చి పూర్తి వేగానికి లాగినప్పుడే తేడా బయటపడుతుంది. కార్డేమో ఇంకా పాత కంపెనీ చిప్‌లే ఉన్నాయనుకుంటోంది. మళ్లీ ఫోను చేసి మాట వెనక్కి తీసుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

మరి తన మీద ఏ కంపెనీ చిప్‌లు ఉన్నాయో కార్డుకు ఎలా తెలుస్తుంది? కెప్లర్ కాలపు ల్యాప్‌టాప్ కార్డుల్లో దానికి ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. ఫర్మ్‌వేర్, అంటే కార్డును లేపే ప్రోగ్రామ్, ఉన్న ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌కు వెళ్లే తీగల్లో ఒకదాని పేరు రోమ్ ఎస్ఐ. ఫ్లాష్‌లో అయిదో కాలు. కరెంటు వచ్చిన తొలి క్షణంలో, ఆ తీగ ఇంకా ఫ్లాష్ పనికి ఉపయోగపడకముందే, జీపీయూ, అంటే కార్డులోని ప్రధాన చిప్, దాని మీది వోల్టేజీని కొలుస్తుంది. రెసిస్టర్ నేలకు (గ్రౌండ్‌కు) కట్టి ఉంటే 0 నుంచి 7 దాకా, పైకి (కరెంటు వైపుకు) కట్టి ఉంటే 8 నుంచి 15 దాకా ఒక అంకె వస్తుంది. నేల వైపు 5 కిలోఓమ్‌లు అయితే 0, 10 అయితే 1, 15 అయితే 2, 20 అయితే 3, 25 అయితే 4, 30 అయితే 5, 35 అయితే 6, 45 అయితే 7. ఈ అంకెనే స్ట్రాప్ అంటాం. ఫర్మ్‌వేర్‌లోని మెమరీ పట్టికల్లో ఏ వరుస తీసుకోవాలో ఇదే చెబుతుంది.

లినక్స్‌లో ఎన్వీటూల్స్ అనే పనిముట్లతో 101000 రిజిస్టర్ (జీపీయూ లోపలి చిన్న నిల్వ గడి) చదివాను. ఎన్‌విడియా కార్డులకు బయటివాళ్లే లినక్స్ కోసం రాసిన నూవో డ్రైవర్ వెనకున్నవాళ్ల శ్రమ వల్ల ఎన్‌విడియా కార్డుల గురించి బయటి ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ పనిముట్లలో ఉంది. వచ్చిన విలువలో చివరి రెండు హెక్స్ (పదహారు ఆధారపు) అంకెలు 88. అడుగు నుంచి లెక్కిస్తే 2 నుంచి 5 దాకా ఉన్న బిట్లు మెమరీవి. 88ని విప్పితే 1000 1000, ఆ నాలుగు బిట్లు 0010, అంటే 2. మీటరు ఒక మొన ఫ్లాష్ అయిదో కాలు మీద పెట్టి, రెండో మొనతో పలకంతా వెతికితే నువ్వుగింజంత రెసిస్టర్ దొరికింది. 15 కిలోఓమ్‌లు, నేల వైపు. కాగితం మీది లెక్క, పలక మీది వస్తువు కలిశాయి. ఈ పనిలో అలాంటి క్షణాలు తక్కువ.

ఇక చేయాల్సింది శాంసంగ్ వరుస అంకె తెలుసుకుని, ఆ విలువ రెసిస్టర్ పెట్టడమే అనుకున్నాను. నూటికి తొంభై సందర్భాల్లో పని అక్కడితో అయిపోతుంది కూడా. తయారీదారు రెండు మూడు కంపెనీల చిప్‌లకు వరుసలు ముందే రాసి పెడతాడు, ఏది చవగ్గా దొరికితే అది వాడుకోవడానికి.

ఫ్లాష్‌ను సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో, అంటే ఫ్లాష్ చిప్‌లను నేరుగా చదివి రాసే పరికరంతో, చదివాను. చవకరకం నల్ల ప్రోగ్రామర్ వాడేవాళ్లకు ఒక మాట. చిప్‌కు కరెంటు 3.3 వోల్టులే ఇస్తుంది గానీ డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతుంది. నాదాన్ని విప్పి, లోపలి చిప్‌కే 3.3 అందేలా తీగ మార్చి చాలాకాలమైంది. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని పోల్చుకున్నాకే ముందుకు వెళ్లాను.

అలా చదివి తెచ్చుకున్న ఫైలును డంప్ అంటాం. దాన్ని విప్పితే మెమరీ సమాచార పట్టికలో కంపెనీల సంకేతాలు కనిపిస్తాయి. శాంసంగ్‌కు 1, ఎల్పిడాకు 3, మైక్రాన్‌కు ఎఫ్. జీడీడీఆర్5 చిప్‌ను అడిగితే తనే ఈ సంకేతం చెబుతుంది, అందుకే పట్టికలోనూ అదే భాష. ఇందులో వరుసలు రెండే. ఒకటి కార్డు మీద మొదట ఉన్న కంపెనీది, రెండోది ఎల్పిడాది. శాంసంగ్ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది పట్టే దారి ఒకటుంది. శాంసంగ్ చిప్‌లతో వచ్చిన మరో 680ఎం ఫర్మ్‌వేర్‌ను మొత్తంగా తెచ్చి ఎక్కించేయడం. అలాంటి డంప్ నా దగ్గరే ఉంది. బల్ల మీదికి వచ్చిన ప్రతి కార్డుదీ దాచుకునే అలవాటు. అయినా ఆ పని చేయలేదు. కార్డు ఫర్మ్‌వేర్‌లో, అంటే వీబయోస్‌లో, మెమరీ ఒక్కటే ఉండదు. ఏ తీగ ఏ డిస్‌ప్లేకు వెళ్తుందో చెప్పే జాబితా ఉంటుంది, వోల్టేజీ పట్టికలు ఉంటాయి, వేడి హద్దులు ఉంటాయి. వేరే కంపెనీ ల్యాప్‌టాప్ కోసం రాసిన జాబితా ఇందులో పెడితే బయటి మానిటర్ పనిచేయకపోవడం దగ్గర మొదలై, ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇల్లు మొత్తం మార్చక్కరలేదు, ఒక గది సామాను మారిస్తే చాలు.

మెమరీకి సంబంధించిన విలువలు ఒక్కచోట కుదురుగా ఉంటాయనుకుంటే పొరపాటు. మొదటిది సమాచార పట్టిక: చిప్ రకం, కంపెనీ. రెండోది టైమింగ్ పట్టిక: ఒక్కో వేగానికి ఎన్ని గడియారపు టిక్కులు ఆగాలో. మూడోది చాలామంది మరిచిపోయేది, తొలి ఆరంభపు స్క్రిప్ట్. యంత్రం లేచేటప్పుడు ఆ స్క్రిప్ట్ రిజిస్టర్లు వరుసగా నింపుకుంటూ పోతుంది. అందులో 8ఎఫ్ అనే ఆదేశం ఎదురైన ప్రతిచోటా ఒక రిజిస్టర్‌కు ఒకే విలువ ఉండదు, పక్కపక్కనే కొన్ని విలువలు ఉంటాయి. స్ట్రాప్ అంకెను ఒక చిన్న అనువాద పట్టికలో చూసి, దాన్నిబట్టి ఏ నిలువు వరుస తీసుకోవాలో జీపీయూ తేల్చుకుంటుంది. ఇలాంటి చోట్లు ఈ ఫైలులో ఇరవైకి పైగా ఉన్నాయి.

కొత్త వరుస చేర్చడం తెలివైన పని కాదు. ఒక్క వరుస చేరిస్తే దాని వెనకున్నదంతా జరుగుతుంది, ఫైలు నిండా ఉన్న చిరునామాలన్నీ తప్పుతాయి. అక్కర్లేని వరుస మీద రాయడమే మార్గం. ఇక్కడ అక్కర్లేనిది ఎల్పిడా. ఆ కంపెనీ 2012 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది, 2013లో మైక్రాన్ కొనేసింది. దాని చిప్‌లు ఈ కార్డు మీదికి వచ్చే అవకాశం ఎంతో చెప్పనక్కర్లేదు. ఎల్పిడా వరుసకు దారి తీసే స్ట్రాప్ 5. అంటే 30 కిలోఓమ్‌లు.

రెండు సాయంత్రాలు పట్టింది. ఎడమ కిటికీలో నా కార్డు డంప్, కుడి కిటికీలో శాంసంగ్ కార్డు డంప్. 8ఎఫ్ ఎదురైన ప్రతిచోటా రిజిస్టర్ చిరునామా రెండింటిలోనూ ఒకటేనా అని చూసుకోవడం, కుడివైపు శాంసంగ్ విలువ నాలుగు బైట్లు ఎడమవైపు ఎల్పిడా చోట రాయడం. విలువలు తిరగేసిన క్రమంలో ఉంటాయి, చిన్న బైటు ముందు. తర్వాత టైమింగులు, చివర కంపెనీ సంకేతం 3 ఉన్నచోట 1. పని అయ్యాక చెక్‌సమ్. ఈ ఫైలు 55 ఏఏ అనే రెండు బైట్లతో మొదలవుతుంది. ఆ ఫర్మ్‌వేర్ భాగంలోని బైట్లన్నీ కూడితే మొత్తంలో చివరి రెండు హెక్స్ అంకెలు సున్నా కావాలి. కాకపోతే యంత్రం దాన్ని ఫర్మ్‌వేర్‌గానే ఒప్పుకోదు. ప్రోగ్రామర్‌తో నేరుగా రాసేటప్పుడు ఆ సంగతి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. కెప్లర్ బయోస్ ట్వీకర్‌లో తెరిచి మళ్లీ భద్రపరిస్తే అదే సరిచేస్తుంది, నేను అలాగే చేశాను.

రెసిస్టర్ మార్చాను. ఫ్లాష్ రాశాను. రిజిస్టర్ చదివితే 94. విప్పితే 1001 0100, మధ్య నాలుగు బిట్లు 0101. అయిదు. సరే.

మ్యాట్స్ నడిపితే తప్పుల వాన. ఈసారి నాలుగు విభాగాల్లోనూ, ఇంచుమించు సమానంగా. ముందు గుండె జారింది గానీ, నిదానించి చూస్తే అది మంచి కబురే. టంకం పోతే తప్పు ఒక మూలన ఉంటుంది. చిప్ పోయినా ఒక మూలనే. నాలుగు దిక్కులా ఒకేలా తప్పుతోందంటే ఎనిమిది చిప్‌లకూ కలిపి చెప్పిన మాట ఏదో తప్పు. అంటే పట్టిక. ఈ ఒక్క గుర్తు తెలిసి ఉంటే కొన్నేళ్ల క్రితం ఒక కార్డు మీద చిప్‌లను మూడుసార్లు అనవసరంగా ఎత్తి దించేవాణ్ని కాదు.

తప్పు దొరకడానికి గంట పట్టింది. రెండు ఫర్మ్‌వేర్లలో అనువాద పట్టికలు వేరు. నా కార్డులో ఎల్పిడాది రెండో నిలువు వరుస, ఆ రెండో కార్డులో శాంసంగ్‌ది మూడోది. తెలిసే చేస్తున్నాను, అయినా అర్ధరాత్రి దాటాక ఒకచోట మూడోదానికి బదులు రెండోది ఎక్కించేశాను. నాలుగు బైట్లు. సరిచేసి, చెక్‌సమ్ మళ్లీ కట్టి, ఫ్లాష్ మళ్లీ రాశాను. మ్యాట్స్ శుభ్రం.

ఈసారి ఫోను చేయలేదు. ముందు విండోస్‌లోకి వెళ్లి మెమరీని పూర్తి వేగానికి ఎక్కించాను. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ శాంసంగ్ అని చూపించింది, 2048 ఎంబీ, 256 బిట్. బ్యాండ్‌విడ్త్ సెకనుకు 115.2 జీబీ, ఉండాల్సినంతే. నాలుగు గంటలు బరువు మోయించాను. మూడో గంటలో ఒక్కసారి తెర మిణుకుమంది. ఆ మిణుకును చూడనట్టు వదిలేయాలని మనసు చెప్పింది. వదల్లేదు. విప్పి చూస్తే మెమరీ తప్పు కాదు. ఒక చిప్ మీది థర్మల్ ప్యాడ్ నేను తీసిపెట్టేటప్పుడు చిరిగి, సగమే కప్పుతోంది. కొత్త ప్యాడ్లు వేసి మళ్లీ నాలుగు గంటలు నడిపాను. ఆ తర్వాత ఆర్కిటెక్టునే పిలిచి, ఆయన మోడల్‌నే తెరిపించాను. ఆయన గోడల చుట్టూ తిప్పి, మేడ మీదికి వెళ్లి, మెట్లు దిగి వచ్చి "గళ్లు లేవండీ" అన్నారు.

ఈ పని గురించి విన్న తర్వాత అందరూ అడిగేది ఒకటే: "నా కార్డు డీడీఆర్3ది, ఫర్మ్‌వేర్ మార్చి జీడీడీఆర్5 చేయొచ్చా?" ప్రశ్నలో తప్పేమీ లేదు. జీటీ 650ఎం, జీటీఎక్స్ 850ఎం, జీటీఎక్స్ 950ఎం, ఇవన్నీ రెండు రకాల మెమరీతోనూ అమ్ముడయ్యాయి. జీపీయూ ఒకటే, పేరు ఒకటే, నడకలో మాత్రం చాలా తేడా. అయినా చేయలేం. ఆ కార్డుల మీది డీడీఆర్3 చిప్ 16 బిట్లది, కింద 96 బంతులు. జీడీడీఆర్5 చిప్ 32 బిట్లది, 170 బంతులు. పలక మీద తీగలే వేరుగా గీసి ఉంటాయి. ఫర్మ్‌వేర్ ఉన్న తీగలకు పేర్లు పెట్టగలదు గానీ లేని తీగ గీయలేదు. ఒకరు డీడీఆర్3 కార్డు మీద జీడీడీఆర్5 ఫర్మ్‌వేర్ ఎక్కించి తెచ్చారు. కార్డు చచ్చిపడి ఉంది. పాత డంప్ ఆయన దగ్గర లేదు. అదే పలక ఉన్న మరో కార్డుది నా పెట్టెలో ఉండబట్టి క్లిప్పు తగిలించి బతికించాను.

కొత్త కార్డుల సంగతి వేరు. 2016లో వచ్చిన పాస్కల్ తరం నుంచి వీబయోస్‌కు సంతకం కాపలా ఉంది, లోపల బైట్లు మార్చి నడిపించడం అంత తేలిక కాదు. అక్కడ మామూలుగా మిగిలేది తయారీదారు రాసిపెట్టిన వరుసల్లో ఒకటి ఎంచుకునే రెసిస్టర్ పనే. కాబట్టి వాటికి చిప్‌లు కొనేముందే డంప్ విప్పి ఏయే వరుసలు ఉన్నాయో చూసుకోవాలి. నేను ఈసారి చేసినట్టు చిప్‌లు కూర్చోబెట్టాక కాదు.

కార్డు బిగించేముందు వెనకవైపు చిన్న కాగితం అంటించాను: "శాంసంగ్ 2 గిగాబిట్, స్ట్రాప్ 5, ఎల్పిడా వరుస చెరిపివేయబడింది." అసలు డంప్, మార్చిన డంప్ రెండూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆర్కిటెక్టుకు ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాకెందుకండీ?" అన్నారు. "మీకు కాదండీ, దీన్ని తర్వాత విప్పే అతనికి" అన్నాను.